కొయ్య పరిమళాలు: పాతబస్తీ మగవారి అత్తరు

చందనం, అగరు, దేవదారు వంటి మానుల సారానికి, వట్టివేరు వంటి వేళ్ళ నూనెకు నిమ్మజాతి పళ్ళ తొక్కల పులుపునో, పచ్చి ఆకుల చలువనో జోడించి చేసే మగవారి పరిమళాన్ని నేటి సెంటు వ్యాపారం ‘ఫ్రెష్ వుడీ’ అంటుంది. 1992లో మైకేల్ ఎడ్వర్డ్స్ రూపొందించిన పరిమళ చక్రం వాసనలను పూలవి, అంబరువి, కొయ్యవి, తాజావి అని నాలుగు పెద్ద కుటుంబాలుగా పంచింది. తాజా కుటుంబానికీ కొయ్య కుటుంబానికీ కుదిరిన సంబంధమే ఈ రకం. హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్, లాడ్‌బజార్, పత్తర్‌గట్టీ, మదీనా ప్రాంతాల అత్తరు దుకాణాల్లో దీనికి వేరే పేరేమీ లేదు. ఖస్ (వట్టివేరు), సందల్ (చందనం), ఊద్ (అగరు) అని ముడిసరుకు పేరే పరిమళం పేరు. ఆ పేర్ల వెనుక సీసా మీద అచ్చేసిన ‘వ్యక్తిత్వం’ కన్నా చాలా పాత లెక్క ఉంది. ఎండాకాలమా చలికాలమా, ఒంటి తత్వం వేడా చలువా, వెళ్తున్నది నమాజుకా పెళ్ళికా అన్నవే ఆ లెక్కలోని అంకెలు.

నిర్మాణం

ఆధునిక సెంటు మూడు దశల్లో విచ్చుకుంటుంది. చల్లుకోగానే తగిలేది పైవాసన. బెర్గమాట్, నిమ్మ, గ్రేప్‌ఫ్రూట్, లావెండర్, పుదీనా వంటివి పావుగంటలో ఎగిరిపోతాయి. తర్వాత వచ్చేది నడివాసన, దీన్ని మిరియం, జిరేనియం, సేజ్ ఆకు మోస్తాయి. చివరికి చర్మాన్నీ చొక్కా మెడపట్టీనీ అంటుకుని మిగిలేది అడుగువాసన. కొయ్య ఉండేది అక్కడే. దాని అణువులు బరువైనవి, నెమ్మదిగా ఆవిరవుతాయి. మధ్యాహ్నానికి నిమ్మ గుర్తుండదు గాని రాత్రికి కూడా చందనం తెలుస్తుంది.

ఐరోపాలో ఈ రకానికి తొలి మెట్టు 1882లో ఊబిగాఁ సంస్థ తెచ్చిన ఫూజేర్ రోయాల్. కూమరిన్ అనే కృత్రిమ పదార్థం అందులో ప్రధానం. వట్టివేరునే నాయకుణ్ణి చేసిన గెర్లాఁ వారి వెటివెర్ 1959లో వచ్చింది. 1982 నాటి డ్రాకర్ నువార్, 1988 నాటి కూల్ వాటర్ డైహైడ్రోమిర్సినాల్ అనే అణువును మగవారి తాజాదనానికి గుర్తుగా మార్చేశాయి. ఉతికి ఆరేసిన బట్టల వాసనలా, చల్లటి లోహంలా ఉంటుందది. 2006లో జాఁ-క్లోద్ ఎల్లెనా కూర్చిన తెర్ ద్’ఎర్మెస్ నారింజ, మిరియం, దేవదారు, వట్టివేరులను ఒక్కచోటికి తెచ్చింది. దాని వెన్నెముక ఐసో ఇ సూపర్ అనే ప్రయోగశాల అణువు. 1970ల్లో తయారైన ఆ అణువు కొయ్యలా ఉంటుందిగాని ఏ చెట్టుదీ కాదు. నేటి మగవారి సెంట్లలో అది లేనిది వెతకడం కష్టం.

అత్తరులో ఈ మెట్లు ఉండవు, ఉన్నా అస్పష్టంగా ఉంటాయి. ఆల్కహాల్ లేదు కనుక గుప్పున ఎగిసే ఘట్టం లేదు. తైలం చర్మం వేడికి నెమ్మదిగా కదులుతుంది. దూరం పోదు, పక్కన కూర్చున్నవాడి దాకా వస్తుంది. ఈ ఒక్క తేడా రెండు లోకాల మర్యాదల్నీ వేరు చేసింది. సెంటు గదిలోకి మనిషికంటే ముందు వస్తుంది. అత్తరు ఆలింగనం వేళ తెలుస్తుంది.

పెద్దల నుంచి వచ్చిన లెక్క

తెలుగు నేలకు కొయ్య పరిమళం తురకల పాలనతో వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం సుంకాల పట్టికలో చందనం, కర్పూరం, పన్నీరు, జవ్వాది ఉన్నాయి. ఓడలు గాలికి కొట్టుకొచ్చినా సరుకు జప్తు చేయబోమని విదేశీ వర్తకులకు ఆ రాజు ఇచ్చిన మాట అది. కొండవీటి కుమారగిరి రెడ్డికి కర్పూర వసంతరాయలని బిరుదు. అతను జరిపే వసంతోత్సవాలకు సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయ్యశెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది అతనికే. కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాసిన మానసోల్లాసం రాజు అనుభవించవలసిన భోగాల్లో మైపూతనూ ధూపాన్నీ వేర్వేరుగా చెబుతుంది.

వాసనకూ ఋతువుకూ ముడి పెట్టింది వైద్యం. వాగ్భటుడి అష్టాంగ హృదయంలోని ఋతుచర్య హేమంతంలో కస్తూరి, కుంకుమపువ్వు, అగరు ధూపం వాడమంటుంది, గ్రీష్మంలో చందనం పూసుకోమంటుంది. దక్కను సుల్తానుల కాలానికి ఈ జ్ఞానం పర్షియన్ గ్రంథాల్లోకి చేరింది. మాండూ సుల్తాను ఘియాస్‌షా వంటల పుస్తకం నీమత్‌నామాలో భోజనం పక్కనే పరిమళాల తయారీ కూడా ఉంది. బీజాపూర్‌లో రెండో ఇబ్రహీం ఆదిల్‌షా (1580–1627) ఏలుబడిలో ఇత్ర్-ఎ-నౌరస్‌షాహీ అని అచ్చంగా అత్తర్ల మీదే గ్రంథం పుట్టింది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్ కట్టించేనాటికి దక్కను దర్బారులో పరిమళం ఒక విద్య.

దర్బారులో అది హోదా చూపే కొలబద్ద కూడా. సభ ముగిసిందనడానికి గుర్తు ఇత్ర్-పాన్, అంటే అత్తరు, తాంబూలం పంచడం. బ్రిటిషు వారు ఈ పద్ధతిని తమ దర్బార్లలోకి తీసుకుని నిబంధనగా రాసుకున్నారు. సంస్థానాధీశుడికి వైస్రాయే స్వయంగా అత్తరు అందించాలి. కింది సర్దార్లకు కింది అధికారి ఇస్తే చాలు. ఎవరి చేతి నుంచి అందుకున్నావన్నదే లెక్క, ఏ వాసన అన్నది కాదు.

మిజాజు: వ్యక్తిత్వానికి పాత పేరు

ఈ అంశంలో అత్యంత ఆసక్తికరమైన భాగం ఇదే. పాతబస్తీలో పరిమళానికీ మనిషి స్వభావానికీ సంబంధం చెప్పింది ప్రకటనల కంపెనీలు కాదు, హకీములు. చార్మినార్ పక్కనే ఉన్న నిజామియా యునానీ ఆస్పత్రి ఇప్పటికీ పాటించే వైద్యం ప్రకారం మనిషి మిజాజు నాలుగు రకాలు. దమ్వీ మిజాజు రక్తప్రధానం, వేడి-తడి, ఉల్లాసి. సఫ్రావీ పసుపు పిత్తం, వేడి-పొడి, త్వరగా కోపం వస్తుంది. బల్గమీ కఫం, చలువ-తడి, నిదానస్తుడు. సౌదావీ నల్ల పిత్తం, చలువ-పొడి, ఆలోచనల్లో మునిగిపోయేవాడు. ద్రవ్యాలకూ మిజాజు ఉంది. చందనం, వట్టివేరు, కర్పూరం చలువ. అగరు, కస్తూరి, అంబర్ వేడి. గుండె దడకూ వేసవి తాపానికీ హకీములు ఖమీరా సందల్, షర్బత్ సందల్ ఇవ్వడం ఆ లెక్క ప్రకారమే.

కనుక పాత పద్ధతిలో అడిగే ప్రశ్న వేరు. “ఈ వాసన నేనెలాంటివాణ్ణని చెబుతుంది?” అని కాదు, “నా ఒంటికి దేని కొరత ఉంది?” అని. ముక్కోపికి ఊద్ పూస్తే నిప్పుకు నెయ్యి పోసినట్టే. వాడికి ఖస్ పూయాలి. చలికాలం పొద్దున నీరసంగా ఉండే కఫ శరీరానికి వేడి గుణమున్న షమామా లేదా హీనా అత్తరు పూయాలి. ఈ పద్ధతిలో పరిమళం స్వభావాన్ని చాటదు, సరిదిద్దుతుంది. నాలుగు ద్రవాల శరీరశాస్త్రాన్ని నేటి వైద్యం ఒప్పుకోదు, అది వేరే సంగతి. అయినా మనిషి మారతాడు, ఋతువు మారుతుంది, వాసనా మారాలి అన్న ఆ పాత లెక్కలో, ఒకే సీసాతో జీవితమంతా గడపమనే ‘సిగ్నేచర్ సెంట్’ ఆలోచన కన్నా తెలివి ఎక్కువ ఉందనిపిస్తుంది.

ఆధునిక ప్రకటన తాజా కొయ్య పరిమళానికి అంటగట్టే గుణాలు అందరికీ తెలిసినవే: స్వతంత్రుడు, ఆత్మవిశ్వాసం గలవాడు, ఎక్కువ మాట్లాడనివాడు, కొండలెక్కేవాడు. ఇందులో ఎంత నిజం? సువాసన ఉన్న స్ప్రే వాడిన మగవారిలో ఆత్మవిశ్వాసం పెరిగిందని 2009లో బ్రిటన్‌లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. అంతకన్నా వింత ఏమిటంటే, ఆ మగవారి వీడియోలను శబ్దం లేకుండా, వాసన తగలకుండా చూసిన ఆడవారికి కూడా వారు మరింత ఆకర్షణీయంగా కనిపించారు. అంటే పని చేసింది చూసేవారి ముక్కు కాదు, పూసుకున్నవాడి నడక. 2012లో చెక్ పరిశోధకులు మరో మాట చెప్పారు. తామే ఎంచుకున్న సెంటు తమ ఒంటి వాసనతో కలిసినప్పుడు, పరిశోధకులు ఇచ్చిన సెంటు కన్నా ఇంపుగా ఉందని ఇతరులు తేల్చారు. విడిగా చూస్తే రెండు సెంట్లూ ఒకేలా నచ్చాయి. మనుషులు తమ ఒంటికి నప్పేదాన్ని తెలియకుండానే వెతుక్కుంటారన్నమాట. హకీము మాటకు ఇది మరీ దూరం కాదు.

మగవారికి ఏది తగునన్న విషయంలో పాతబస్తీ ముస్లిముల ఇళ్ళలో మరో ప్రమాణం హదీసు సంప్రదాయం. మగవారి పరిమళానికి వాసన తెలియాలి గాని రంగు కనపడకూడదు, ఆడవారిదానికి రంగు కనపడవచ్చు గాని వాసన బయటికి పోకూడదు అని అందులో ఉంది. శుక్రవారం స్నానం చేసి, ఉన్నంతలో మంచి అత్తరు రాసుకుని జుమా నమాజుకు వెళ్ళడం సున్నత్. మక్కా మసీదు చుట్టూ శుక్రవారం మధ్యాహ్నం అత్తరు బేరం ఎందుకు జోరుగా ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆల్కహాల్ లేకపోవడం కూడా ఇక్కడ అత్తరుకు కలిసొచ్చిన గుణం.

సరుకు

వట్టివేరు. తాజా కొయ్య అన్న మాటకు అసలైన దేశీ రూపం ఇదే. గడ్డిజాతి మొక్క, వేళ్ళు నిలువుగా 2-3 మీటర్లు దిగుతాయి. వేసవిలో తలుపులకూ కిటికీలకూ వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లితే వచ్చే వాసన తెలుగువారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. తడి మట్టి, పచ్చి గడ్డి, కొంచెం పొగ, అడుగున దుంగ వాసన. రాగి పాత్రలో బట్టీ పెట్టి తీసిన వట్టివేరు తైలం రూహ్ ఖస్ ఆకుపచ్చగా ఉంటుంది. ఆ రంగు వేరుది కాదు, రాగిది. ప్రపంచ మార్కెట్‌కు వట్టివేరు నూనె ఎక్కువగా వెళ్ళేది హైతీ నుంచి, తర్వాత జావా నుంచి. జావా నూనెలో పొగ పాలు ఎక్కువ. ఉత్తర భారత ఖస్ మృదువు. ఏప్రిల్, మే నెలల్లో పాతబస్తీ దుకాణంలో ‘గర్మీకి ఏదైనా ఇవ్వండి’ అంటే ముందు చేతి మీదికి వచ్చేది ఇదే.

చందనం. శాంటలం ఆల్బమ్ సగం పరాన్నజీవి. పక్క చెట్ల వేళ్ళ నుంచి పోషణ లాక్కుంటుంది. నూనె చేవలోనూ వేరులోనూ ఉంటుంది, చేవ పండడానికి పదిహేనేళ్ళు దాటాలి, ముప్ఫై అయితే మేలు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మంచి నూనెలో ఆల్ఫా-శాంటలాల్ 41 నుంచి 55 శాతం, బీటా-శాంటలాల్ 16 నుంచి 24 శాతం ఉండాలి. టిప్పు సుల్తాను 1792లో దీన్ని రాచమానుగా ప్రకటించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఐరోపాకు దుంగలు వెళ్ళడం ఆగిపోయినప్పుడు మైసూరు సంస్థానం 1916లో తైలం ఫ్యాక్టరీ పెట్టింది, సబ్బు ఆ తర్వాత వచ్చింది. మన శేషాచలం ఎర్రచందనానికీ దీనికీ సంబంధం లేదు. ఎర్రచందనం రంగుకూ చెక్కకూ పనికొస్తుంది, దానికి చెప్పుకోదగ్గ వాసన లేదు. పేరు చూసి కొని మోసపోయేవారు ఇప్పటికీ ఉన్నారు. దర్గాల్లో ఉర్సుకు ముందు గంధం ఊరేగింపును సందల్ అంటారు. పాతబస్తీకి దక్షిణాన పహాడీ షరీఫ్ గుట్ట మీద కూడా అది జరుగుతుంది. పక్క వీధి పెళ్ళిలో పెళ్ళికొడుకు చేతికీ మెడకూ పూసేదీ అదే గంధం.

ఊద్. అగరు చెట్టు ఆరోగ్యంగా ఉంటే వాసన రాదు. గాయమై, బూజు సోకినప్పుడు తనను తాను కాపాడుకోవడానికి చెట్టు నల్లటి రెసిన్ ఊరుస్తుంది, అదే అగరు. అస్సాం దీని పుట్టిల్లు, హోజాయి ప్రధాన మార్కెట్. అడవుల్లో విపరీతంగా నరికేయడంతో 1995 నుంచి దీని అంతర్జాతీయ వాణిజ్యం సైటీస్ ఒప్పందం నియంత్రణలో ఉంది. పాతబస్తీలో ఊద్ మోజు రెండు దారుల్లో వచ్చింది. నిజాం సైన్యంలో పని చేసిన హద్రమీ అరబ్బుల పేట బార్కాస్‌లో బొగ్గు మీద బుఖూర్ వేసి బట్టలకు పొగ పట్టించే అలవాటు తరాలుగా ఉంది. 1970ల తర్వాత గల్ఫ్‌కు వెళ్ళిన కుటుంబాలు అరబ్బు సెంట్ల రుచిని వీధి వీధికీ మోసుకొచ్చాయి. ఊద్ తాజా పరిమళం కాదు. గొడ్ల కొట్టం, తోలు, తేనె కలిసినట్టుండే వాసన. తొలిసారి వాసన చూసినవారు ముఖం తిప్పుకుంటారు. చలికాలంలో, రాత్రిపూట, పెద్ద దావతులో దాని విలువ తెలుస్తుంది. జూన్ మధ్యాహ్నం సిటీ బస్సులో మాత్రం కాదు.

మిగిలినవాటిలో మిట్టీ అత్తరు ఒకటి. కాల్చిన మట్టి పలకలను బట్టీ పెట్టి, తొలకరి వాసనను చందన తైలంలో పట్టేది. ఆ తొలకరి వాసనకు 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు బేర్, థామస్ పెట్రికోర్ అని పేరు పెట్టారు. అత్తరు కాచే కన్నౌజ్ ఊరివారు దాన్ని అప్పటికే సీసాల్లో అమ్ముతున్నారు. షమామాలో తుంగముస్తెలు, జటామాంసి, యాలకులు, లవంగాలు, రాతిపువ్వు వంటివెన్నో కలుస్తాయి. రాతిపువ్వు అన్నది రాళ్ళనూ చెట్లనూ పట్టుకుని పెరిగే లైకెన్. అడవి, వాన, పాత చెక్కపెట్టె కలగలిసిన దాని వాసన ఐరోపా సెంట్లలో ఓక్‌మాస్ చేసే పనే చేస్తుంది. పాతబస్తీ నిహారీ, మరగ్‌లలో వేసే పొట్లీ మసాలా విప్పి చూడండి. గుడ్డ మూటలో రాతిపువ్వు, వట్టివేళ్ళు, గంధపు పొడి, ఎండు గులాబీ రేకులు కనపడతాయి. అత్తరు బట్టీలోకి వెళ్ళే సరుకూ దేగిశాలోకి వెళ్ళే సరుకూ ఒకటే. తెల్లవారుజామున షోర్బా తాగి వచ్చిన మనిషి ఒంటి మీద షమామా ఎందుకు అంత సహజంగా ఒదుగుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

తయారీ, దుకాణం

పాతబస్తీ అమ్మే ఊరు. సంప్రదాయ అత్తరు కాచే ఊరు ముఖ్యంగా ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్. దేగ్ అనే రాగి కాగులో పూలో వేళ్ళో నీళ్ళలో వేసి, మూత అంచును మట్టితో మూసి, కింద కట్టెల మంట పెడతారు. ఆవిరి తాడు చుట్టిన వెదురు గొట్టం గుండా భప్కా అనే కూజాలోకి దిగుతుంది. భప్కాలో ముందే చందన తైలం ఉంటుంది. అది నీటి తొట్టెలో కూర్చుని చల్లబడుతూ పూల సారాన్ని తనలో కలుపుకుంటుంది. అందుకే సంప్రదాయ పద్ధతిలో మల్లె అత్తరు కూడా, గులాబీ అత్తరు కూడా అడుగున కొయ్య పరిమళమే. మగవారు గులాబీ పూసుకోవడం పాతబస్తీలో ఎవరికీ వింత కాకపోవడానికి ఒక కారణం ఆ చందనం. పూలు ఆడవారివి, కొయ్య మగవారిది అన్న విభజన ఇక్కడ ఎన్నడూ గట్టిగా నిలవలేదు. అది 20వ శతాబ్దపు ప్యాకింగు గీసిన గీత.

చందనం ధర ఆకాశానికి ఎక్కాక ఆ అడుగు మారింది. ఇప్పుడు చవక అత్తర్లలో ఎక్కువ వాటికి ఆధారం ద్రవ పారఫిన్, ఫ్తాలేట్ వంటివి. పేరున్న విదేశీ సెంట్ల పోలికతో కలిపిన నూనెలు కూడా అవే సీసాల్లో, అవే బల్లల మీద అమ్ముడుపోతాయి. కుర్రవాళ్ళు ఎక్కువగా అడిగేవి ఇవే. నాణ్యమైన నకలు మీద మరీ చిన్నచూపు అక్కర్లేదు. అసలు సెంటులోనూ కొయ్య వాసన ప్రయోగశాలదే అయినప్పుడు నకలుకు పెద్ద పాపం అంటదు. పారఫిన్ కలిపిన సరుకును చందనం ధరకు అమ్మడమే మోసం.

తూకం తులంలో, అంటే 11.66 గ్రాముల్లో. ఇప్పుడు మాత్రం చాలాచోట్ల 12 మిల్లీలీటర్ల సీసానే తులం అంటున్నారు. కోసిన గాజు సీసా, దానికి పొడవాటి గాజు పుల్ల ఉన్న మూత. అమ్మకందారు పుల్లను మీ చేతి వెనుక ఒక గీతలా గీస్తాడు, అరచేతిలో కాదు, అక్కడ చెమట వాసన మార్చేస్తుంది. మణికట్లు రుద్దుకోవద్దని పాతకాలపు దుకాణదారులు చెబుతారు. గీసింది ఆరేదాకా ఆగమంటారు. కొంచెం దూది అత్తరులో ముంచి చెవి మడతలో పెట్టుకోవడాన్ని ఫాయా అంటారు. పెద్ద వయసు మగవారిలో ఆ అలవాటు ఇంకా కనపడుతుంది, రోజంతా పొదుపుగా వాసన వదిలే ఏర్పాటది.

కొనేటప్పుడు ఒకేసారి మూడు కన్నా ఎక్కువ వాసన చూడటం వృథా, ముక్కు అలిసిపోతుంది. గీసిన వెంటనే బాగుందని డబ్బు ఇవ్వకూడదు. తాజాగా, ఘాటుగా తగిలేది ముందు పోయే భాగం. పత్తర్‌గట్టీ నుంచి గుల్జార్ హౌజ్ దాకా నడిచి, ఒక ఇరానీ చాయ్ తాగి, అప్పుడు చేయి మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకోవాలి. పారఫిన్ సరుకు ఈపాటికి పలచబడి చప్పగా అయిపోతుంది. మంచి ఖస్ అయితే పచ్చిదనం తగ్గి వేరు వాసన మిగులుతుంది. మంచి సందల్ అయితే పాల మీగడ లాంటి మెత్తదనం అప్పుడే మొదలవుతుంది. రంజాన్ నెల రాత్రుల్లో లాడ్‌బజార్‌లో మాత్రం ఈ పరీక్ష కుదరదు. ఒకే బల్ల ముందు పదిమంది చేతులు చాచి ఉంటారు, గాలిలో అన్ని పరిమళాలూ కలిసిపోతాయి. కొనాలంటే రంజాన్‌కు ముందు వచ్చే షాబాన్ నెలలోనే కొనిపెట్టుకోవడం మేలు.